పీడీ-ఎల్1 ప్రొటీన్ చెడిపోలేదు: జెల్‌లో 40, ఎలైసాలో సున్నా ఎందుకు వచ్చాయంటే

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవారికి అందుతుంది. మీరు మానవ పీడీ-ఎల్1 (కణాల మీద ఉండి, టీ కణాలను అణచే ప్రొటీన్) రీకాంబినెంట్ రూపంలో, అంటే ప్రయోగశాల కణాల్లో తయారుచేయించినది, కొన్నారు. హెక్293 అనే మనిషి కణాల్లో తయారైనది, హిస్ ట్యాగ్ (పట్టుకోవడానికి చివర అతికించిన చిన్న హిస్టిడిన్ తోక) ఉన్నది. లేబుల్ మీద 26 కిలోడాల్టన్లు అని ఉంది. ఎస్‌డీఎస్ జెల్ (ఎస్‌డీఎస్ డిటర్జెంట్ అంటించి ప్రొటీన్లను బరువునుబట్టి వేరుచేసేది) మీద నడిపితే 26 దగ్గర ఏమీ లేదు, 40 దగ్గర వెడల్పుగా, అంచులు తెలియకుండా ఒక పట్టీ వచ్చింది. పీడీ-ఎల్1ను గుర్తించే ఈ1ఎల్3ఎన్ యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (జెల్ మీది ప్రొటీన్‌ను యాంటీబాడీతో వెతికే పరీక్ష) చేస్తే అసలేమీ కనిపించలేదు. ఎలైసా (ప్లేటుకు అంటిన ప్రొటీన్‌ను యాంటీబాడీతో కొలిచే పరీక్ష) ప్లేటుకు పీడీ-1 ఎఫ్‌సీ, అంటే పీడీ-ఎల్1ను పట్టుకునే టీ కణాల గ్రాహకం పీడీ-1కు యాంటీబాడీ ముక్క అతికించినది, పూసి, దాని మీద ఈ పీడీ-ఎల్1ను మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల దాకా వేసి, నాలుగుసార్లు కడిగి, హిస్ ట్యాగ్ యాంటీబాడీతో చూస్తే సంకేతం ఖాళీ బావుల (ప్లేటులోని చిన్న గుంటల) స్థాయిని దాటలేదు. వేరే ప్రొటీన్ పంపారా, దారిలో పాడైందా అన్నది మీ అనుమానం. రేపు టీ కణాల ప్రయోగానికి ఇదే సీసా వాడవచ్చా అన్నది రెండో ప్రశ్న.

కంపెనీకి ఫిర్యాదు రాయడం ఇప్పటికి ఆపండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ నిక్షేపమైన పీడీ-ఎల్1కు ఉండవలసినవే. 26 దగ్గర సన్నని పట్టీ వచ్చి ఉంటే నేను ఎక్కువ కంగారుపడేవాణ్ని. లేబుల్ మీద "మానవ పీడీ-ఎల్1" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, ప్రయోగం ఎలా నడుస్తుందో తేల్చేది ఆ పేరు కాదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మూడు సంగతులు తేలుస్తాయి: ప్రొటీన్‌లో ఏ ముక్క, ఏ కణంలో తయారైంది, ఒంటరిగా ఉందా జంటగా ఉందా. బ్లాట్, జెల్, ఎలైసా, మీ ఈ మూడు చిక్కులూ వరసగా ఈ మూడింటి నుంచే పుట్టాయి.

బ్లాట్‌తో మొదలుపెడతాను, అది అన్నింటికంటే తేలిక. కణం తయారుచేసే పీడీ-ఎల్1 గొలుసులో 290 అమైనో ఆమ్లాలుంటాయి. మొదటి 18 దారి చూపే సిగ్నల్ పెప్టైడ్, పని కాగానే తెగిపోతుంది. 19 నుంచి 238 దాకా కణం బయట ఉండే భాగం. యాంటీబాడీల్లో కనిపించే మడత లాంటివి రెండు ఇందులో ఉంటాయి, పీడీ-1 పట్టుకునేది వాటిలో మొదటిదాన్నే. ఆ తర్వాత ఇరవై చిల్లర ఆమ్లాలు కణపొరలో దిగబడి ఉంటాయి. చివరి 31 కణం లోపలికి వేలాడే తోక. పొరలో దిగబడే భాగానికి నీళ్లతో పడదు, డిటర్జెంట్ లేనిదే కరగదు. అందుకే మార్కెట్లో దొరికే కణ ఉపరితల ప్రొటీన్లలో దాదాపు అన్నీ బయటి భాగాన్ని మాత్రమే కత్తిరించి, చివర ట్యాగ్ కలిపి తయారుచేసినవి. మీదీ అంతే. ఈ1ఎల్3ఎన్ గుర్తుపట్టేదేమో తోకను. మీ సీసాలో తోక లేదు. ఎస్‌పీ142, ఎస్‌పీ263 క్లోన్‌లు (పీడీ-ఎల్1కు వేరే యాంటీబాడీలు) కూడా తోకనే పడతాయి కాబట్టి అవి తెచ్చినా ఫలితం ఇదే. 28-8, 22సీ3 బయటి భాగాన్ని గుర్తిస్తాయి, అయితే ఏ క్లోన్ బ్లాట్‌కు పనికొస్తుందో దాని డేటాషీట్‌లో చూసుకోవాలి. ఆ వెతుకులాట కూడా ఇప్పుడు అక్కర్లేదు. హిస్ ట్యాగ్ యాంటీబాడీ మీ దగ్గరే ఉంది కదా, దానితోనే బ్లాట్ చేయండి.

ఇక్కడే ఇంకొక మాట. ఈ ప్రొటీన్‌ను కేటలాగుల్లో వెతికేటప్పుడు బీ7-హెచ్1, సీడీ274 అనే పేర్లతో కూడా వెతకండి. 1999లో లీపింగ్ చెన్ బృందం దీన్ని బీ7-హెచ్1గా వెలుగులోకి తెచ్చింది. పీడీ-1కు జత ఇదేనని మరుసటి ఏడాది తేలడంతో పీడీ-ఎల్1 అన్న పేరు వచ్చింది. మూడు పేర్లూ ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. ఒకే ప్రొటీన్‌ను రెండు పేర్లతో రెండుసార్లు కొన్న ప్రయోగశాలలూ ఉన్నాయి.

ఇప్పుడు జెల్. 26 అన్నది అమైనో ఆమ్లాల బరువులు కూడితే వచ్చే లెక్క. మనిషి కణం ఆ గొలుసును అలా ఒట్టిగా బయటకు పంపదు, చక్కెరలు తగిలించి పంపుతుంది. పీడీ-ఎల్1 బయటి భాగంలో చక్కెర గొలుసులు తగులుకునే ఆస్పరజిన్‌లు నాలుగున్నాయి: 35, 192, 200, 219 స్థానాల్లో. ఒక్కో చోట రెండు మూడు కిలోడాల్టన్ల చక్కెర చేరుతుంది. పైగా చక్కెరలకు ఎస్‌డీఎస్ అంటుకోదు కాబట్టి ఈ ప్రొటీన్ తన బరువుకు తగిన వేగంతో కూడా జెల్‌లో నడవదు, ఇంకాస్త వెనకబడుతుంది. అన్ని అణువుల మీదా ఒకే చక్కెర ఉండదు. ఒకదానికి కొమ్మలు రెండుంటే ఇంకొకదానికి మూడు, ఒకదాని చివర సియాలిక్ ఆమ్లం (ఒక రకం చక్కెర) ఉంటే ఇంకొకదానికి లేదు. పట్టీ వెడల్పుగా, అంచులు చెరిగినట్టు రావడానికి కారణం ఇదే. హెక్293లో తయారైన పీడీ-ఎల్1 బయటి భాగం 35 నుంచి 45 మధ్య కనిపించడం మామూలు.

నమ్మకం కుదరకపోతే పీఎన్‌గేస్ ఎఫ్‌తో తేల్చుకోండి. ఇది ఆస్పరజిన్ దగ్గర చక్కెరను మొదలంటా తెంపేసే ఎంజైము. రెండు మూడు మైక్రోగ్రాముల ప్రొటీన్‌ను ఎస్‌డీఎస్, డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలను తెంపే రసాయనం) ఉన్న బఫర్‌లో 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచండి. మడత విప్పకపోతే ఎంజైముకు కొన్ని స్థానాలు అందవు. చల్లారాక ఎన్‌పీ-40 డిటర్జెంట్ కలపండి. ఆ మెట్టు దాటవేస్తే మిగిలిన ఎస్‌డీఎస్ ఎంజైమునే చచ్చుబడేలా చేస్తుంది. తర్వాత ఎంజైము కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి జెల్ నడపండి. 40 దగ్గరి పట్టీ మాయమై 26 దగ్గర, లేదా దానికి కాస్త పైన, సన్నని పట్టీ తేలాలి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. పీఎన్‌గేస్ ఎఫ్ బరువే సుమారు 36 కిలోడాల్టన్లు. మీ పాత పట్టీ ఉన్న ప్రాంతంలోనే అది కూడా కనిపిస్తుంది. చక్కెర సగమే తెగిందని కంగారుపడి రాత్రంతా ఎంజైముతో ఉంచేవాళ్లను చాలామందిని చూశాను. జెల్ మీద పక్క గాడిలో (ఒక నమూనా నడిచే దారిలో) ఎంజైము ఒక్కటే వేస్తే సందేహం తీరిపోతుంది.

అదే జెల్‌లో డీటీటీ లేకుండా ఒక గాడి నడపడం మరవకండి. పీడీ-ఎల్1 బయటి భాగంలో రెండు డైసల్ఫైడ్ బంధాలున్నాయి (సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు జతకట్టే బంధాలు), 40వ స్థానానికి 114కి మధ్య ఒకటి, 155కి 209కి మధ్య ఒకటి. ఇవి సరిగ్గా కుదిరిన ప్రొటీన్ డీటీటీ లేనప్పుడు కాస్త గుట్టుగా ముడుచుకుని, కొంచెం కిందకే నడుస్తుంది. అలా కాకుండా డీటీటీ లేని గాడిలో 80 దగ్గరా ఆ పైనా పట్టీలు వచ్చి, డీటీటీ గాడిలో అవి మాయమైతే, సిస్టీన్‌లు తప్పుడు జతలు కట్టి అణువులు ఒకదానికొకటి అతుక్కున్నాయని అర్థం. ఫిర్యాదు రాయవలసిన సందర్భం అది.

అసలు విషయం ఎలైసా. ఇక్కడ కాస్త నిదానంగా లెక్క వేద్దాం. పీడీ-1కు, పీడీ-ఎల్1కు మధ్య పట్టు చాలా వదులు. రెండూ ఒంటరి అణువులుగా ఉన్నప్పుడు ఎస్‌పీఆర్ పద్ధతిలో (చిప్ మీద ఒక ప్రొటీన్‌ను ఉంచి, దాని మీదుగా పారే రెండోది ఎంత పట్టుకుంటుందో కాంతితో చూసేది) కొలిస్తే విఘటన స్థిరాంకం, అంటే సగం తలలు నిండే గాఢత, సుమారు 8 మైక్రోమోలార్. ఈ అంకె ఎంత పెద్దదైతే పట్టు అంత వదులు. యాంటీబాడీలతో పనిచేసి నానోమోలార్ అంకెలకు అలవాటుపడ్డ మనకు ఇది వెయ్యి రెట్లు బలహీనంగా తోస్తుంది. మీరు వేసిన అత్యధిక మోతాదు మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. 26 కిలోడాల్టన్ల లెక్కన అది 0.38 మైక్రోమోలార్. 0.38ని, 8కి 0.38 కలిపితే వచ్చే మొత్తంతో భాగించండి. వందకు నాలుగున్నర వస్తుంది. అంటే ప్లేటు మీద పూసిన ప్రతి వంద పీడీ-1 తలల్లో నాలుగైదింటికి మాత్రమే మీ ప్రొటీన్ పట్టుకుని ఉంది. అదీ కడగకముందు.

కడిగితే ఏమవుతుందో చూడండి. ఈ జత విడిపోయే వేగం సెకనుకు ఒకటి చుట్టుపక్కల ఉంటుంది. అంటే పట్టుకున్న వాటిలో సగం సెకను లోపే వదిలేస్తాయి. ద్రావణంలో ప్రొటీన్ ఉన్నంతసేపూ వదిలినవాటి స్థానంలో కొత్తవి వచ్చి చేరుతుంటాయి కాబట్టి లెక్క నిలబడుతుంది. బావిని బోర్లించి కడగడం మొదలుపెట్టగానే వచ్చి చేరేవి ఉండవు, వెళ్లిపోయేవే ఉంటాయి. మొదటి కడుగుడు పూర్తయ్యేసరికే బావిలో దాదాపు ఏమీ మిగలదు. ఆ తర్వాత మీరు హిస్ యాంటీబాడీ వేసి గంట కూర్చున్నారు. పట్టడానికి అక్కడ ఏముంది? మీ ఎలైసా విఫలం కాలేదు. అడిగిన ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పింది.

ఇంత వదులు పట్టు ఒంట్లో ఎలా పనిచేస్తుందని అడుగుతారేమో. రెండు కణాలు ఆనుకున్నచోట ఈ అణువులు విడివిడిగా ద్రావణంలో తేలుతూ ఉండవు. రెండు పొరల మధ్య ఇరుకు సందులో, వందలాదిగా, ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒకటి వదిలినా పక్కది పట్టుకుని ఉంటుంది, వదిలినది దూరం పోలేదు. కణాలు ఒకదాన్నొకటి తడిమి చూసి విడిపోవాలి కూడా, శాశ్వతంగా అతుక్కుపోకూడదు. కణ ఉపరితల ప్రొటీన్లు చాలావాటిలో పట్టు మైక్రోమోలార్ స్థాయిలో ఉండటం లోపం కాదు, వాటి పని తీరే అది. మనం వాటిని పొర నుంచి కోసి, ఒంటరిగా, ద్రావణంలో వేసి, యాంటీబాడీలా ప్రవర్తించమంటే ప్రవర్తించవు.

పరిష్కారం సులువు, మీ దగ్గరున్న రెండు సీసాలతోనే చేయవచ్చు. తారుమారు చేయండి. పీడీ-ఎల్1 హిస్‌ను ప్లేటుకు పూయండి, పీడీ-1 ఎఫ్‌సీని ద్రావణంగా వేయండి. ఎఫ్‌సీ అంటే యాంటీబాడీ కాండం భాగం. దానిలోని డైసల్ఫైడ్ బంధాల వల్ల పీడీ-1 ఎఫ్‌సీ ఎప్పుడూ జంటగానే ఉంటుంది, అంటే ఒక్కో అణువుకు రెండు పీడీ-1 తలలు. ఒంటిచేత్తో కొమ్మ పట్టుకున్నవాడికీ రెండు చేతులతో పట్టుకున్నవాడికీ ఉన్న తేడాయే ఇక్కడా. ఒక తల వదిలినా రెండోది పట్టుకుని ఉంటుంది, వదిలిన తల పక్కనే ఉన్న మరో పీడీ-ఎల్1ను మళ్లీ అందుకుంటుంది. రెండూ ఒకే క్షణాన వదిలితే తప్ప అణువు కొట్టుకుపోదు. పూత దట్టంగా ఉంటే సగం సంకేతం వచ్చే గాఢత మైక్రోమోలార్ నుంచి నానోమోలార్ స్థాయికి దిగివస్తుంది. ప్లేటుకు మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల పీడీ-ఎల్1 పూయండి. 10 మైక్రోగ్రాముల నుంచి ప్రతిసారీ మూడో వంతుకు పలచన చేస్తూ పీడీ-1 ఎఫ్‌సీ వేయండి, మానవ ఎఫ్‌సీని పట్టే హెచ్‌ఆర్‌పీ యాంటీబాడీతో (రంగు తెప్పించే హెచ్‌ఆర్‌పీ ఎంజైము తగిలించినది) చూడండి. మీరు ముందు చేసిన అమరికలో కూడా ప్లేటు మీద జంటే ఉంది కదా అనవచ్చు. ఉంది, కానీ ఉపయోగం లేదు. కొట్టుకుపోకుండా నిలబడవలసినది ద్రావణంలో ఉన్న అణువు. రెండు చేతులు దానికి ఉండాలి.

నియంత్రణ బావులు మూడు పెట్టండి. పీడీ-ఎల్1 పూయని బావి ఒకటి. పీడీ-1 ఎఫ్‌సీకి బదులు ఒట్టి మానవ ఐజీజీ1 (ఒక యాంటీబాడీ రకం) ఎఫ్‌సీ వేసిన బావి ఒకటి. పీడీ-ఎల్1ను అడ్డుకునే యాంటీబాడీ ముందుగా వేసినది ఒకటి. ఈ మూడోదానిలో చాలామంది బోల్తాపడతారు. చికిత్సలో వాడే అటెజోలిజుమాబ్‌ను అడ్డుకోవడానికి వేస్తారు, సంకేతం తగ్గకపోగా ఆకాశానికి లేస్తుంది. అటెజోలిజుమాబ్ కూడా మానవ ఐజీజీ1, మీ హెచ్‌ఆర్‌పీ యాంటీబాడీకి పీడీ-1 ఎఫ్‌సీకీ దానికీ తేడా తెలియదు. ఎలుక జాతి యాంటీబాడీ, ఉదాహరణకు ఎంఐహెచ్1 క్లోన్, వాడండి. లేదా పీడీ-1 ఎఫ్‌సీకి బయోటిన్ తగిలించి, బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ హెచ్‌ఆర్‌పీతో చూడండి. అటెజోలిజుమాబ్‌తో సంకేతం బాగా వచ్చినంత మాత్రాన పీడీ-1తో కూడా వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆ యాంటీబాడీ పట్టు నానోమోలార్ కంటే బిగువు, పీడీ-1 పట్టుతో దానికి పోలిక లేదు. యాంటీబాడీ పట్టుకుంటే ప్రొటీన్ మడత సరిగా ఉందని కొంత భరోసా, అంతవరకే.

ఎలైసాకు జంట మంచిదని చెప్పాను, ఎస్‌పీఆర్‌కు సరిగ్గా వ్యతిరేకం. పట్టు ఎంతో కొలవాలంటే చిప్ మీద జంట ఉండవచ్చు గానీ, దాని మీదుగా పారేది ఒంటరి అణువే కావాలి. అప్పుడే అంకె ఆ రెండు ప్రొటీన్ల స్వభావాన్ని చెబుతుంది. ఎఫ్‌సీ జంటను పారించి కొలిస్తే వచ్చే నానోమోలార్ అంకె పూత ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె. పూత మారిస్తే అదీ మారుతుంది. కేటలాగుల్లో పీడీ-1, పీడీ-ఎల్1 పట్టు ఒకచోట నానోమోలార్, మరోచోట మైక్రోమోలార్ అని కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. రెండు అంకెలూ నిజమే కావచ్చు, కొలిచిన వస్తువులు వేరు. మీ హిస్ ప్రొటీన్ ఎలైసాలో పనికిరాలేదు గానీ ఎస్‌పీఆర్‌కు అదే సరైన సరుకు. అయితే అందులో కొద్దిపాటి గుంపులున్నా అవి బహుచేతుల అణువుల్లా పట్టుకుని వక్రరేఖను పాడుచేస్తాయి. పరిమాణాన్నిబట్టి వేరుచేసే క్రొమటోగ్రఫీ స్తంభం గుండా ఒకసారి పంపి, ఒంటరి శిఖరాన్ని మాత్రమే తీసుకుని, అదే రోజు వాడండి.

పూత గురించి ఒక మాట. పాలీస్టైరీన్ ప్లేటుకు ప్రొటీన్ అంటుకునేటప్పుడు దానికి తల, కాలు అన్న విచక్షణ ఉండదు. కొన్ని అణువులు పీడీ-1 పట్టుకునే ముఖాన్నే ప్లాస్టిక్‌కు ఆనించి పడుకుంటాయి, కొన్నింటి మడత విప్పుకుంటుంది. పీడీ-ఎల్1 లాంటి చిన్న ప్రొటీన్‌కు ఈ నష్టం ఎక్కువ. దీనికి నాకు బాగా నచ్చిన మార్గం ఏవీ ట్యాగ్. పదిహేను అమైనో ఆమ్లాల ఈ తోకలోని ఒకే ఒక్క లైసిన్‌కు బిర్‌ఏ ఎంజైము ఒకే ఒక్క బయోటిన్ తగిలిస్తుంది. ట్యాగ్ పొర వైపు చివరలో ఉంటే, స్ట్రెప్టావిడిన్ ప్లేటు మీద ప్రొటీన్‌లన్నీ కణం మీద నిలబడ్డట్టే ఒకే వైపుకు నిలబడతాయి. రసాయనికంగా ఎన్‌హెచ్ఎస్ బయోటిన్ వేస్తే అది దొరికిన లైసిన్‌కల్లా అంటుకుంటుంది, వాటిలో కొన్ని పట్టు ఉన్నచోటే ఉండవచ్చు. ధర ఎక్కువైనా ఈసారి కొనేటప్పుడు ఏవీ ట్యాగ్ ఉన్నదే తీసుకోండి అంటాను.

ఏ కణంలో తయారైంది అన్నదాని గురించి క్లుప్తంగా. హెక్293 మనిషి కణం, చక్కెరలు మన పద్ధతిలో ఉంటాయి. సీహెచ్‌ఓ కణాల చక్కెరలు దాదాపు అలాంటివే, కొన్ని సియాలిక్ బంధాల్లో తేడా. కీటక కణాలు పొట్టి మానోస్ చక్కెరలు పెడతాయి, ఈస్ట్ బారెడు మానోస్ గొలుసులు పెడుతుంది, ఈ కొలై ఏమీ పెట్టదు. ఈ కొలై అనగానే ముఖం తిప్పుకోనక్కర్లేదు. పీడీ-1 పట్టు ప్రధానంగా మొదటి డొమైన్ మీద ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క డొమైన్‌ను ఈ కొలైలో తయారుచేసి, ముద్దల నుంచి కరిగించి తిరిగి మడిచి, స్ఫటికాలు పెంచి ఎన్నో నిర్మాణాలు తేల్చారు. ఒక చిన్న అణువు మందు, రెండు పీడీ-ఎల్1లను దగ్గరకు లాగి వాటి మధ్య ఇరుక్కుంటుందని తెలిసింది కూడా అలాంటి ప్రొటీన్‌తోనే. స్ఫటికాలకు చక్కెర లేకపోవడమే మేలు. టీ కణాల ప్రయోగానికి మాత్రం ఈ కొలై ప్రొటీన్ నేను వాడను. కారణం కిందకు వస్తుంది.

నిల్వ విషయంలో సీసాతో వచ్చిన కాగితమే ప్రమాణం. నేను చేర్చేది కొంచెమే. పొడి మూతకు అంటుకుని ఉంటుంది, తెరిచేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి కిందకు దించండి. చెప్పిన ద్రవం పోసి గది ఉష్ణోగ్రతలో కాసేపు అలా వదిలేయండి, వోర్టెక్స్ మీద పెట్టి నురగ తెప్పించకండి. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల కంటే పలచగా దాచకండి, ట్యూబు గోడలే సగం తినేస్తాయి. చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టండి, కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. బీఎస్‌ఏ (ఆవు రక్తపు ప్రొటీన్) కలిపిన సరుకు ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ, దానికి బయోటిన్ తగిలిస్తే బయోటిన్‌లో సింహభాగం బీఎస్‌ఏకే పోతుంది. ఏదైనా తగిలించాలనుకుంటే బీఎస్‌ఏ లేనిదే కొనాలి. హిస్ ట్యాగ్‌ను నికెల్ మీద పట్టాలనుకుంటే బఫర్‌లో లోహాలను లాగేసుకునే ఈడీటీఏ ఉండకూడదు.

ఇప్పుడు టీ కణాలు. ఈ హిస్ సీసాను నేరుగా కల్చర్‌లో కలిపితే పని జరగదు. పీడీ-1కు లోపలి తోకలో ఉండే టైరోసిన్‌లకు ఫాస్ఫేటు తగిలి, ఎస్‌హెచ్‌పీ-2 అనే ఎంజైము వచ్చి చేరి, టీ కణ గ్రాహకం, సీడీ28 పంపే ఉత్తేజాన్ని అణచాలి. ఇది జరగాలంటే పీడీ-1లు గుంపుగా, టీ కణ గ్రాహకానికి పక్కనే చేరాలి. ద్రావణంలో తేలే ఒంటరి పీడీ-ఎల్1 వాటిని గుంపు చేయలేదు. టీ కణ గ్రాహకాన్ని ఉత్తేజపరిచే సీడీ3 యాంటీబాడీతో పాటు పీడీ-ఎల్1 ఎఫ్‌సీని ఒకే పూస మీద, లేదా ఒకే బావి అడుగున, కలిపి పూయాలి. అంటే ఇంకొక సీసా కొనక తప్పదు.

ఆ పూతలోనే పెద్ద మోసం దాగి ఉంటుంది. పూస మీద చోటు పరిమితం. పీడీ-ఎల్1 ఎఫ్‌సీ ఎంత ఎక్కువ వేస్తే సీడీ3 యాంటీబాడీకి అంత తక్కువ చోటు మిగులుతుంది. ఉత్తేజం తగ్గుతుంది, మోతాదు పెంచినకొద్దీ చక్కగా ఇంకా తగ్గుతుంది. అది పీడీ-1 అణచివేత అని గ్రాఫు గీసి సంబరపడతాం. అందుకే ప్రతి పూతలోనూ మొత్తం ప్రొటీన్ ఒకేలా ఉండాలి. పీడీ-ఎల్1 ఎఫ్‌సీ తగ్గించినచోట ఆ మేరకు ఒట్టి ఐజీజీ1 ఎఫ్‌సీ కలపాలి. పూత అయ్యాక పూసల మీద సీడీ3 యాంటీబాడీ సమానంగా ఉందో లేదో ఫ్లో సైటోమెట్రీలో (పూసలను, కణాలను ఒక్కొక్కటిగా లేజరుతో కొలిచే పద్ధతి) చూసుకోవాలి. ఈ పరీక్ష లేని అణచివేత గ్రాఫును నేను నమ్మను.

రెండోది ఎండోటాక్సిన్. మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు పికోగ్రాముల ఎల్‌పీఎస్‌కే (ఈ కొలై లాంటి బ్యాక్టీరియా పొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్) స్పందిస్తాయి, టీ కణాలతో కలిపి వాటిని వాడితే మీ ఫలితం ప్రొటీన్‌దో మురికిదో తెలియదు. మైక్రోగ్రాముకు 1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) కంటే తక్కువ అని లేబుల్ మీద ఉంటే కణాల ప్రయోగానికి అది గట్టి హామీ కాదు. ఒక ఈయూ అంటే ఇంచుమించు 100 పికోగ్రాముల ఎండోటాక్సిన్. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు వేస్తే ఎంతవుతుందో మీరే లెక్కగట్టండి. ఈ కొలై ప్రొటీన్ వద్దన్నది ఇందుకే. పరీక్ష సులువు: ప్రొటీన్‌ను 95 డిగ్రీల దగ్గర మరిగించి అదే మోతాదులో వేయండి. ప్రొటీన్ మడత పోతుంది, ఎల్‌పీఎస్ ఆ వేడిని తట్టుకుంటుంది. మరిగించాక కూడా ప్రభావం అలాగే ఉంటే అది పీడీ-ఎల్1 చేసిన పని కాదు. బఫర్‌లో సోడియం అజైడ్ ఉందేమో కూడా చూడండి, ఉంటే కణాలు చస్తాయి, దాన్నీ అణచివేతగానే చదువుతాం.

మూడోది ఎఫ్‌సీ. మానవ ఐజీజీ1 ఎఫ్‌సీని మోనోసైట్లు, ఎన్‌కే కణాలు తమ గ్రాహకాలతో పట్టుకుంటాయి. శుద్ధిచేసిన టీ కణాలు వాడితే ఈ బెడద తగ్గుతుంది. మొత్తం పీబీఎంసీ (మోనోసైట్లు, టీ కణాలు, ఎన్‌కే కణాలు కలిసిన రక్తకణాల మిశ్రమం) వాడక తప్పకపోతే ఎఫ్‌సీ గ్రాహకాలను ముందే మూసివేయండి, ఒట్టి ఎఫ్‌సీ నియంత్రణ లేకుండా అసలు మొదలుపెట్టకండి.

ఇవన్నీ సరిగ్గా చేసినా అణచివేత కనిపించకపోతే మళ్లీ ప్రొటీన్‌ను అనుమానించకండి, టీ కణాలను చూడండి. రక్తం నుంచి అప్పుడే తీసిన, విశ్రాంతిగా ఉన్న టీ కణాల మీద పీడీ-1 చాలా తక్కువ. సీడీ3, సీడీ28 యాంటీబాడీలతో రెండు మూడు రోజులు ఉత్తేజపరిచి, తర్వాత ఉత్తేజం తీసేసి విశ్రాంతినిచ్చి, పీడీ-1 ఉందని ఫ్లోలో చూసుకున్నాకే పూసలు కలపండి. ముందు మాత్రం ఆ ఎలైసాను తారుమారు చేసి చూడండి. అంకెలు, లాట్ నంబరుతో వచ్చిన విశ్లేషణ పత్రం, డీటీటీ ఉన్న జెల్, లేని జెల్ ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.